దుర్గాంబ టీచరు మేడ మీద ఇరాన్

దుర్గాంబ టీచరు ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పింది. అందులో సగానికి పైగా మా పెదకాకాని చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే. చేతిలో సుద్దముక్క ఉంటే చాలు, పుస్తకం చూడకుండా ఏ ఖండాన్నయినా బోర్డు మీద గీసేసేది. ఆస్ట్రేలియా ఒక్కటే ఆవిడకి లొంగేది కాదు. ఎన్నిసార్లు గీసినా పనసకాయలా వచ్చేది. "వాళ్లేం అనుకోరులే, మీరు రాసుకోండి" అనేది.

రిటైరయ్యాక ఆవిడకి పొద్దుపోవడం కష్టమైంది. భర్త త్యాగరాజు గారు టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా చేసి అంతకు ముందే రిటైరయ్యారు. ఆయనకి ఆ బాధ లేదు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం టీవీ వార్తలు. ఆవిడకి మాత్రం ఎదురుగా ఎవరైనా కూర్చుని ప్రశ్నలడగాలి. అందుకని డాబా మీద ఒక పోర్షన్ వేయించి అద్దెకిస్తానంది. నాగార్జున యూనివర్సిటీ మాకు కూతవేటు దూరం. ఇప్పుడక్కడికి ఎక్కడెక్కడి దేశాల పిల్లలో వచ్చి చదువుకుంటున్నారు. హైవే మీద షేర్ ఆటో ఎక్కితే ఒక పక్క మిరపకాయల బస్తా తగులుతుంది, ఇంకో పక్క పేరు నోరు తిరగని దేశం కుర్రాడు తగులుతాడు.

2023 ఆగస్టులో ఆటో గఫూర్ ఇద్దరమ్మాయిల్ని ఎక్కించుకుని ఆవిడ ఇంటి ముందు ఆపాడు. గఫూర్ కూడా ఆవిడ శిష్యుడే, నాకంటే రెండు బ్యాచ్‌లు ముందు.

"టీచర్! మీ పైపోర్షన్‌కి మంచి పార్టీని తెచ్చా. ఫారిన్ అమ్మాయిలు."

"ఏ దేశంరా?"

"ఇరాన్ అంట టీచర్."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. పాఠ్యపుస్తకంలో దేశం ఇన్నాళ్లకి గుమ్మంలోకొచ్చి నిలబడింది మరి. కళ్లజోడు సర్దుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మీ దేశం గురించి నాకు బాగా తెలుసు, ఎడారి దేశం, పెట్రోలు దొరుకుతుంది, మీరు అరబ్బులు, మీరు మాట్లాడేది అరబ్బీ అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

అమ్మాయిలిద్దరూ ఒకేసారి నోరు తెరిచారు.

"మేం అరబ్బులం కాదు!"

పొడుగ్గా ఉండి, జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్న అమ్మాయి పరస్తూ. టెహరాన్ నుంచి వచ్చింది, ఫార్మసీలో పీహెచ్‌డీ చెయ్యడానికి. గుండ్రటి ముఖం చుట్టూ నల్ల స్కార్ఫు బిగించుకున్న అమ్మాయి తాహెరే. ఉత్తరాన బాబొల్ అనే ఊరు, బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ. నాలుగు రోజుల కిందట యూనివర్సిటీ ఆఫీసు క్యూలో కలిశారు. ఒకే దేశం కదా అని ఆఫీసువాళ్లు ఇద్దర్నీ కలిసి గది వెతుక్కోమన్నారు. ఆ నాలుగు రోజుల్లో ఇద్దరి నోటా ఒకే మాట రావడం అదే మొదలు. తర్వాత చాలాకాలం దాకా మళ్లీ రాలేదు.

"మా భాష ఫార్సీ," అంది తాహెరే మెల్లగా. "మా ఊళ్లో ఎడారి లేదు ఆంటీ. అన్నీ వరి పొలాలే. వానలు కూడా ఎక్కువ."

"ఇరాన్‌లో వరా?"

ఆటోలోంచి గఫూర్ గొంతు సవరించుకున్నాడు. "నేను అప్పుడే చెప్పా టీచర్. మీరు వినలా."

"నువ్వెప్పుడు చెప్పావురా?"

"తొంభై ఎనిమిది, అర్ధ సంవత్సరం పరీక్షలు. ఖాళీలు పూరింపుము. ఇరాన్ ప్రజల భాష డాష్. మా తాత చెప్పాడని నేను ఫార్సీ అని రాశా. మీరు ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన అరబ్బీ అని రాశారు. అరమార్కు పోయింది."

"ఎన్నొచ్చాయిరా నీకు మొత్తం?"

"ముప్పై నాలుగున్నర."

ఆ అరమార్కు ఉంటే గఫూర్ పాస్. ఇంటికెళ్లాక వాళ్ల నాన్న చింతబరికె తీసేవాడు కాదు.

ఆ సాయంత్రం ఆవిడ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒక సందేశం పెట్టింది. నాకూ వచ్చింది. "ప్రియమైన విద్యార్థులారా, ఇరాన్ ప్రజలు అరబ్బులని మీకు నేను చెప్పిన మాట తప్పు. వారు పర్షియన్లు. వారి భాష ఫార్సీ. అక్కడ వరి కూడా పండును. దయచేసి సరిచేసుకోగలరు." నలభై మంది దండాలు పెట్టారు. సత్తెనపల్లిలో పత్తి విత్తనాల షాపు పెట్టుకున్న మావాడొకడు "మరి ఆస్ట్రేలియా సంగతేంటి టీచర్?" అని అడిగాడు.

మేడ మీద ఆవిడ పెట్టిన నియమం ఒకటే. బయట ఏం తిన్నా అభ్యంతరం లేదు, ఇంట్లో మాత్రం మాంసం వండకూడదు. వాళ్లు సరేనన్నారు. మూడో వారంలో ఒక ఆదివారం పైనుంచి మాడు వాసన వచ్చింది. ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్లెక్కి, "అన్నం మాడుతోందర్రా, స్టవ్ ఆపండి!" అని కేకేసుకుంటూ వెళ్లింది. తీరా చూస్తే తాహెరే గిన్నెని పళ్లెంలోకి బోర్లించి, అడుగున బంగారు రంగులో పట్టిన అన్నం పెచ్చుని చూసి మురిసిపోతోంది. పరస్తూ దాన్ని ఫొటో తీస్తోంది. దాన్ని తహ్‌దీగ్ అంటారట. అది సరిగ్గా కుదిరితేనే వంట వచ్చినట్టు లెక్కట.

"అన్నం అడుగంటితే మా అత్తగారు నన్ను వారం రోజులు దెప్పేది," అంది దుర్గాంబ కిందికొచ్చి భర్తతో. "వీళ్లు కావాలని మాడించి పండగ చేసుకుంటున్నారు." ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకొకటి ఉందేమో అడిగి రమ్మన్నాడు.

అయినా మాంసం వండుతారేమోనన్న ఆవిడ అనుమానం పోలేదు. ఉల్లిపాయలు వేగిన వాసన వచ్చినా మెట్లెక్కేది. ఉత్త చేతులతో వెళ్తే బాగుండదని చేతిలో ఏ గోంగూర పచ్చడో పట్టుకుని వెళ్లేది. పులుపంటే ఇద్దరికీ ప్రాణం కాబట్టి పచ్చడి మాత్రం ఖాళీ అయ్యేది. కారం ఎక్కి కళ్లనీళ్లు కారుతున్నా వదిలేవాళ్లు కాదు. ఒకరోజు పరస్తూ నవ్వుతూ అనేసింది.

"ఆంటీ, మా దేశంలో అణు కేంద్రాలు తనిఖీ చేసేవాళ్లు కూడా ఇన్నిసార్లు రారు."

"అణు కేంద్రాలేమిటి? తనిఖీ ఎవరు చేస్తారు? ఎందుకు?" అంటూ ఆవిడ అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. చేసిన తప్పు దిద్దుకోవాలన్న పట్టుదల ఒకటి, పొద్దుపోని బాధ ఒకటి. మర్నాడు రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని అట్ట మీద "ఇరాన్" అని రాసుకుంది.

చిక్కేమిటంటే, పాఠం చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేసేవాళ్లు.

పరస్తూ 2022లో స్కార్ఫు నిర్బంధం వద్దని అమ్మాయిలంతా వీధుల్లోకి వచ్చినప్పుడు తనూ వెళ్లింది. స్కార్ఫు తీసి నడిచింది. యూనివర్సిటీవాళ్లు ఏడాది సస్పెండ్ చేశారు. ఆ ఏడాదే ఆమెని ఇక్కడికి తీసుకొచ్చింది. తాహెరే వాళ్ల నాన్న పద్దెనిమిదేళ్ల వయసులో ఇరాక్‌తో యుద్ధానికెళ్లి ఒక కాలు పోగొట్టుకున్నాడు. ఆ ఇంట్లో ప్రభుత్వాన్ని తిడితే ఆయన పోగొట్టుకున్న కాలుని తిట్టినట్టే. ఇద్దరూ చదువుకునే బల్ల మధ్యలో సుద్దగీత ఉండేది. సుద్దముక్క టీచరిదే, అడిగి తెచ్చుకున్నారు.

"నువ్వు స్కార్ఫు కట్టుకోవడం నాకు సమస్య కాదు. నాకు కట్టడం సమస్య," అనేది పరస్తూ.

"నేను కట్టుకుంటే మీవాళ్లు నన్ను గూఢచారి అంటారు. అది మాత్రం నీకు సమస్య కాదు," అనేది తాహెరే.

గొడవ ఫార్సీలో మొదలై, టీచరుకి అర్థం కావాలని ఇంగ్లీషులోకి మారేది. ఆవిడ ఇంగ్లీషు, వాళ్ల ఇంగ్లీషు రెండూ అంతంత మాత్రమే. నేను తేట తెలుగులో చెబుతున్నాను గానీ, అక్కడ సగం మాటలు చేతులే చెప్పేవి.

2024లో వాళ్ల అధ్యక్షుడు హెలికాప్టర్ ప్రమాదంలో పోయి, ఉన్నట్టుండి ఎన్నికలొచ్చాయి. ఓటెయ్యడానికి తాహెరే రైలెక్కి హైదరాబాద్‌లో వాళ్ల కాన్సులేట్‌కి వెళ్లింది. పరస్తూ వెళ్లలేదు. తాహెరే తిరిగొచ్చేసరికి తన బట్టలన్నీ బల్ల మీద గీతకి తన వైపు కుప్పగా పడేసి ఉన్నాయి. దుర్గాంబ ఇద్దర్నీ కిందికి పిలిచి, చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"అసలు నాకొకటి చెప్పండి. మీ దేశంలో పెత్తనం ఎవరిది? అధ్యక్షుడిదా, ఆ పైన ఉన్న నాయకుడిదా?"

"నాయకుడిది," అంది పరస్తూ. "జనం అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. కానీ పోటీకి ఎవరు నిలబడాలో ఒక మండలి తేలుస్తుంది. ఈసారి ఎనభై మంది పేర్లిస్తే ఆరుగురిని ఉంచారు. గెలిచినవాడు కూడా పెద్ద విషయాల్లో పైకి చూడాలి."

త్యాగరాజు గారు పేపర్లోంచి తల ఎత్తకుండా అన్నారు. "మన పక్కూరి సర్పంచి లాగా. సంతకం ఆవిడది, స్టాంపు ఆవిడ మొగుడి జేబులో."

పరస్తూకి ఆ మాట విడమర్చి చెప్పాక పడీపడీ నవ్వింది. తాహెరే నవ్వలేదు.

"అలా కాదు అంకుల్. ఆ నాయకుణ్ణి కూడా ఒక సభ ఎన్నుకుంటుంది. ఆ సభని జనమే ఎన్నుకుంటారు. చట్టం ఉంది. మా నాన్న లాంటివాళ్లు ఆ చట్టం కోసమే ప్రాణాలకి తెగించారు. నచ్చకపోతే ఓటేసి మార్చాలి. ఇంట్లో కూర్చుంటే ఎలా మారుతుంది?"

"వందలో అరవై మంది ఇంట్లోనే కూర్చున్నారు తాహెరే. వాళ్లంతా బద్ధకస్తులా?"

దుర్గాంబ నోట్‌బుక్‌లో రెండు గడులు గీసి ఇద్దరి మాటలూ రాసుకుంది. ఎవరిది రైటో ఆవిడ తేల్చలేదు. "ప్రశ్న కష్టంగా ఉంది, ఇద్దరికీ సగం సగం," అంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ అలా మార్కులెయ్యడం నేనెరగను.

ఇక యుద్ధం సంగతి. పోయిన సంవత్సరం, అంటే 2025 జూన్ పదమూడు, శుక్రవారం పొద్దున త్యాగరాజు గారు టీవీ పెట్టగానే తెర నిండా మంటలు. ఇజ్రాయెల్ విమానాలు ఇరాన్ మీద బాంబులేశాయి. ఆయన టీవీ సౌండు తగ్గించారు. తగ్గించడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు కాబట్టి దుర్గాంబ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ మెట్ల వైపు చూశారు. పైన అలికిడి లేదు.

ఆవిడ పైకి వెళ్లేసరికి అమ్మాయిలిద్దరూ బల్లకి ఒకే వైపు కూర్చుని ఒకే ఫోన్‌లోకి చూస్తున్నారు.

రెండు రోజులకి ఊళ్లో సంగతి పాకింది. ఇంటి ముందుకి యూట్యూబ్ చానల్ చైతన్యకృష్ణ మైకు పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, మీ మేడ మీద ఇరాన్ వాళ్లున్నారంట కదా. వాళ్లు ఎటువైపు?"

"తూర్పు వైపు. పడమటి వైపు బాత్రూము."

"అది కాదమ్మా. యుద్ధంలో ఎటువైపు? ఒక బైట్ ఇప్పిస్తే..."

"నీకు ఇరాన్ ఎక్కడుందో తెలుసా?"

చైతన్యకృష్ణ అటూ ఇటూ చూశాడు. అంతే, దొరికిపోయాడు. ఆవిడ ప్రహరీ గోడ మీద సుద్దతో మ్యాపు గీసి, పక్కన ఇరాక్, కింద హోర్ముజ్ జలసంధి, అవతల గల్ఫ్ దేశాలు, ఆ ఇరుకు దారిలోంచి ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు ఎలా వెళ్తుందో, అది మూస్తే గఫూర్ ఆటోకి ఏమవుతుందో నలభై నిమిషాలు చెప్పింది. మధ్యలో ప్రశ్నలడిగి అతని చేత జవాబులు కూడా చెప్పించింది. మైకు పట్టుకున్న చెయ్యి మార్చుకుంటూ అతను నిలబడే విన్నాడు. ఆ వీడియోని నూట పన్నెండు మంది చూశారు. అందులో పాతిక మంది మేమే. అమ్మాయిల జోలికి మళ్లీ ఎవరూ రాలేదు.

అయితే పైన మాత్రం పరిస్థితి బాగాలేదు. పరస్తూ వాళ్ల అమ్మ టెహరాన్‌లో నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. బ్యూటీ పార్లర్ నడుపుతుంది. కదలమంటే కదలదు. కర్టెన్లు వేసుకున్నాను, గాజు పెంకులు పడకుండా అద్దాలకి టేపు అంటించాను, నాకేం కాదు అంటోంది. సోమవారం నాటికి టెహరాన్ ఖాళీ చెయ్యమని ప్రకటనలొచ్చాయి. వెళ్లడానికి ఆవిడకి ఎవరూ లేరు.

మంగళవారం మధ్యాహ్నం దుర్గాంబ పైకి అన్నం పట్టుకెళ్లింది. తాహెరే కిటికీ దగ్గర నిలబడి, వెనక్కి తిరక్కుండానే అంది.

"మీ అమ్మని మా ఇంటికి రమ్మను."

పరస్తూ తల ఎత్తింది. "మీ ఇంటికా? మీ నాన్న గోడ మీద ఎవరి ఫొటో ఉందో నాకు తెలుసు, ఆ పై నాయకుడిది. మా అమ్మ నెత్తిమీద గుడ్డ కూడా వేసుకోదు."

"గోడ మీద ఫొటో ఉంది. గోడ అవతల రెండు గదులు ఖాళీగా ఉన్నాయి."

పరస్తూ దుర్గాంబ వైపు చూసింది. ఇన్నాళ్లూ ఇద్దరికీ సగం సగం మార్కులేసిన మనిషి ఇప్పుడేమంటుందోనని.

"ఫోన్ చెయ్యి తల్లీ," అంది ఆవిడ. "ముందు మీ అమ్మ ఆ నాలుగో అంతస్తు దిగనీ. ఆ ఫొటోతో ఎలా వేగాలో ఆవిడే చూసుకుంటుంది. వయసొచ్చిన మనిషి, నీకంటే ఎక్కువే చూసుంటుంది."

పరస్తూ ఫోన్ చేసింది. అరిచింది, ఏడ్చింది, మళ్లీ అరిచింది. చివరికి తాహెరే ఆ ఫోన్ తీసుకుని, చాలా మర్యాదగా, పది నిమిషాలు మాట్లాడింది. రేపు పొద్దున బయల్దేరతానని ఆవిడ ఒప్పుకుంది.

మర్నాడు ఇరాన్‌లో ఇంటర్నెట్ ఆగిపోయింది.

ఇక ఏ కబురూ లేదు. ఆవిడ బయల్దేరిందా, లేదా? బాబొల్‌కి మామూలుగా నాలుగైదు గంటల దారి. ఇప్పుడు ఊరంతా అదే రోడ్డు మీద ఉంది. పెట్రోలుకి మైళ్ల కొద్దీ క్యూలు. త్యాగరాజు గారికి ఒక ఉపాయం తట్టింది. ఆ ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉంది. కూతురు రాగసుధ నరసరావుపేట నుంచి వచ్చినప్పుడల్లా "ఆ డబ్బా తీసేయించు నాన్నా" అనేది. పెట్టిన చేతులతో తియ్యలేక ఆయన ఉంచేశారు. గుంటూరు వెళ్లి, పాత పరిచయాలన్నీ కదిపి, దానికి విదేశాల లైను వేయించుకొచ్చారు.

గురువారం టెహరాన్ ఇంటి నంబరు కలిపారు. మోగింది. ఎవరో ఎత్తారు. పరస్తూ "మామాన్!" అని అమ్మని కేకేసింది. అవతల ఒక ఆడగొంతు ఇంగ్లీషులో, నింపాదిగా, "హలో? ఎవరు మాట్లాడుతున్నారు? నాకు వినపడటం లేదు," అంది. పరస్తూ ఎంత చెప్పినా అదే మాట. బాబొల్ నంబరు కలిపితే ఇంకో గొంతు. కళ్లు మూసుకుని ప్రశాంతమైన చోటుని ఊహించుకోమంటోంది.

దుర్గాంబ రిసీవరు లాక్కుంది. "ఎవరమ్మా నువ్వు? అక్కడ బాంబులు పడుతుంటే యోగా నేర్పుతున్నావా? ఇంట్లో పెద్దవాళ్లని పిలువు!"

"అది మనిషి కాదే," అన్నారు త్యాగరాజు గారు. రిసీవరు తన చెవికి పెట్టుకుని కాసేపు విన్నారు. ముప్పై ఆరేళ్లు తీగల మీద బతికిన మనిషి. "యంత్రం. దారిలో ఎవరో కూర్చోబెట్టారు. ఫోను ఆ ఇంటిదాకా వెళ్లడం లేదు."

ఎవరు కూర్చోబెట్టారన్న దాని మీద అమ్మాయిలకి భేదాభిప్రాయం వచ్చింది. మావాళ్లేనని పరస్తూ, శత్రువులని తాహెరే. కానీ గొంతుల్లో పస లేదు. రెండు మాటలు అనుకుని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం చూసి దుర్గాంబకి భయమేసింది. ఆ రోజంతా ఆవిడ ఏదో ఒక వంకతో పైకి వెళ్తూనే ఉంది. వాసన చూడటానికి కాదు.

శనివారం, జూన్ ఇరవై ఒకటి. అమ్మాయిలు యూనివర్సిటీకి వెళ్లారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆవిడే పంపించింది. త్యాగరాజు గారు పడుకున్నారు. ఒంటిగంటకి ల్యాండ్‌లైన్ మోగింది. ఎత్తితే గాలి హోరు, ఆ హోరులోంచి ఒక ఆడగొంతు.

"అలో? అలో? తాహెరే?"

కూతురు ఊరుగాని ఊళ్లో గది కుదుర్చుకోగానే తాహెరే తండ్రి ఇంటివాళ్ల ల్యాండ్‌లైన్ నంబరే కావాలని పట్టుబట్టి, తన ఫోను పక్కన గోడ మీద రాసుకున్నాడట. ఇప్పుడు అటునుంచి కలిసింది. కలిసింది గానీ, ఆ తల్లికి ఫార్సీ తప్ప రాదు. దుర్గాంబ నోట్‌బుక్ కోసం వెతికింది. అది పైన ఉంది. రెండేళ్లుగా విన్న మాటలన్నీ ఒక్కసారిగా మరిచిపోయింది. ఆఖరికి రెండు దొరికాయి. "దొఖ్తర్" అంటే కూతురు. మన దుహితలాగే ఉందని అప్పట్లో సంబరపడింది. "ఖూబ్" అంటే బాగు.

"దొఖ్తర్ ఖూబ్!" అని అరిచింది. "దొఖ్తర్... రెండు... టూ! టూ దొఖ్తర్, ఖూబ్! ఖూబ్!"

"ఖూబ్?" అంది అవతలి గొంతు.

"ఖూబ్! చాలా ఖూబ్!"

అవతల ఆవిడ ఏడుస్తూ ఏదో అంది. వెంటనే ఇంకో గొంతు అడ్డొచ్చింది, బొంగురుగా, గబగబా. మొదటి గొంతు దాన్ని కసిరింది. రెండోది తిరిగి కసిరింది. ఫోను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్న చప్పుడు. "పరస్తూ ఖూబ్?" అంది బొంగురు గొంతు. "పరస్తూ ఖూబ్!" అంది దుర్గాంబ. లైను తెగిపోయింది.

ఆవిడ త్యాగరాజు గారిని లేపి, గఫూర్‌కి ఫోన్ చేసి, యూనివర్సిటీకి పరిగెత్తించింది. ఇరవై నిమిషాల్లో అమ్మాయిలు గుమ్మంలో ఉన్నారు.

"ఎవరు మాట్లాడారు ఆంటీ? ఏమన్నారు?"

"ఏమన్నారో నాకేం తెలుసు? ఖూబ్ అన్నారు. నేనూ ఖూబ్ అన్నాను."

"ఒక్కరేనా?" పరస్తూ ఆవిడ రెండు భుజాలూ పట్టుకుంది. "సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. ఒక్క గొంతేనా?"

"రెండు. ఒకావిడ మెత్తగా మాట్లాడింది, ఇంకొకావిడ గొంతు బొంగురు. ఆవిడని మాట్లాడనివ్వలేదు, ఫోను లాగేసుకుంది. ఇద్దరూ తెగ తిట్టుకున్నారు."

"తిట్టుకున్నారా?"

"వినలేకపోయాననుకో."

పరస్తూ అక్కడే నేల మీద కూలబడింది. "మా అమ్మే," అంది. "మా అమ్మే! వెళ్లింది, వాళ్లింట్లో ఉంది. అప్పుడే పోట్లాట కూడా మొదలెట్టింది." ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తాహెరే పక్కన కూర్చుని ఆమె తల తన ఒళ్లో పెట్టుకుంది. గఫూర్ గుమ్మం అవతల నిలబడి ముఖం తుడుచుకుంటూ, ఎండ దంచేస్తోందని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

మంగళవారం కాల్పులు ఆగాయి. రెండు రోజులకి ఇంటర్నెట్ వచ్చింది. వీడియో కాల్‌లో తాహెరే వాళ్ల అమ్మని చూసి తాహెరే కెవ్వుమంది. నల్లగా ఉండాల్సిన జుట్టు తేనె రంగులో ఉంది. బాబొల్‌లో కాలక్షేపం లేక పరస్తూ వాళ్ల అమ్మ ఆవిడకి రంగేసి, ముందు జుట్టు కత్తిరించింది. తండ్రి ఏమన్నాడని తాహెరే అడిగితే, రెండు రోజులు పేపరు అడ్డం పెట్టుకున్నాడని, మూడో రోజు బాగుందన్నాడని వాళ్లమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. అతిథి అక్కడ పంతొమ్మిది రోజులుంది. గోడ మీది ఫొటో గురించి రోజూ పొద్దున ఒకసారి వాదించింది. బియ్యం ఎన్నిసార్లు కడగాలన్న దాని మీద మాత్రం రోజంతా వాదించింది. వెళ్లేటప్పుడు వాళ్లు ఒక బస్తా బియ్యం కారులో వేసి పంపారు.

మేడ మీద కూడా పోట్లాటలు మళ్లీ మొదలయ్యాయి. ఈ యుద్ధం ఎవరు తెచ్చిపెట్టారన్నది కొత్త విషయం. నలభై ఏళ్లుగా అందరితో వైరం పెట్టుకున్న మా పాలకులు అని పరస్తూ. చర్చలు జరుగుతుండగా బాంబులేసినవాళ్లు అని తాహెరే. కింద కూరగాయలు తరుగుతూ దుర్గాంబ ఆ అరుపులు వింటుండేది. బల్ల మీద సుద్దగీత ఎప్పుడు చెరిగిపోయిందో గానీ మళ్లీ ఎవరూ గియ్యలేదు.

సెప్టెంబరులో తాహెరే చదువు అయిపోయింది. వెళ్లేరోజు దుర్గాంబకి వంగి నమస్కారం చేసింది. కాకాని మల్లేశ్వరుడి ప్రసాదం అమ్మకి ఇవ్వమని ఆవిడ పొట్లం కడితే, "మా నాన్న తినరు గానీ అమ్మ తింటుంది," అని నిజం చెప్పి తీసుకుంది. గఫూర్ విజయవాడ బస్సు దాకా దించి వచ్చాడు. ఆటోకి డబ్బులిస్తే తీసుకోలేదట. పరస్తూ కూడా బస్టాండు దాకా వెళ్లింది. దారిపొడుగునా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారని గఫూర్ చెప్పాడు.

ఆ తర్వాత పరస్తూ మాటలు తగ్గించేసింది. ఒక్కతే వండుకుంటోంది, ఒక్కతే తింటోంది. తహ్‌దీగ్ వాసన లేదు. నెలాఖరులో ఒక సాయంత్రం ఫోను చూసుకుంటూ కిందికొచ్చి, వరండాలో దొండకాయలు తరుగుతున్న దుర్గాంబ ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ ఐక్యరాజ్యసమితి ఆంక్షలట ఆంటీ. మా డబ్బు ఇక చిత్తుకాగితమే. అంతా మావాళ్ల మొండితనం."

అని ఆగింది. జవాబు కోసం అలవాటుగా మెట్ల వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

దుర్గాంబ కత్తిపీట పక్కకి జరిపింది.

"అదేం మాట? మొండితనం ఒక్క మీవాళ్లదేనా? ఆంక్షలు పెట్టినవాళ్లని ఒక్క మాట అనవేం? రాసుకున్న అణు ఒప్పందంలోంచి ముందు బయటికి వెళ్లిపోయిందెవరు, అమెరికా కాదూ? మందులు దొరక్క అవస్థపడేది మీ పాలకులా, మామూలు జనమా?"

పరస్తూ కళ్లు చిట్లించింది. మాట టీచరుది, వాదన తాహెరేది.

"ఆంటీ, మీరు ఇదంతా నిజంగా నమ్ముతున్నారా?"

"నేను నమ్మితే నీకెందుకు, నమ్మకపోతే నీకెందుకు? అడిగినదానికి జవాబు చెప్పు."

పరస్తూ కుర్చీ ముందుకి లాక్కుంది. ఫోను పక్కన పడేసి, చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది. దుర్గాంబ ఒక్క మాట కూడా ఊరికే పోనివ్వలేదు. లోపల కుక్కర్ మూడు కూతలు కూసింది, ఇద్దరూ లేవలేదు. నాలుగో కూతకి త్యాగరాజు గారు వెళ్లి స్టవ్ కట్టేసి, టీవీ కూడా ఆపేసి, పేపరు పట్టుకుని వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నారు.